లేసు బాగుందన్నారు, కొనలేదు. మళ్లీ మేళాకి వెళ్లాలా?

నరసాపురం దగ్గరి ఒక పల్లె నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. వయసు 38. పెళ్లికి ముందు నుంచే లేసు అల్లుతున్నారు. ఇన్నాళ్లూ ఏజెంటు దారం ఇస్తే అల్లి, లెక్కన కూలి తీసుకున్నారు. 12 అంగుళాల గుండ్రటి టేబుల్ మ్యాట్‌కి ఏజెంటు ఇచ్చేది 110 రూపాయలు. అదే మ్యాట్‌ని పట్నంలో ఎంతకి అమ్ముతున్నారో తెలిశాక, తోటి మహిళలు ఏడుగురిని కలుపుకుని సొంతంగా అమ్ముదామని ఆరు రోజుల ఎగ్జిబిషన్‌కి విజయవాడ వెళ్లారు. స్టాల్ అద్దె 9,000, రానుపోను ఖర్చులు, సామాను రవాణా 1,800, భోజనాలు 2,400, అదనపు లైట్లు, కుర్చీలు 1,300. మొత్తం 14,500. అమ్మకం 9,800. తీసుకెళ్లిన 62 వస్తువుల్లో 21 అమ్ముడయ్యాయి.

"అందరూ బాగుందన్నారు, కొనలేదు. మెషీన్‌ది 150కే వస్తుంది కదా అని నా ముందే అనుకున్నారు. మా తోటికోడలు తోడు వచ్చింది. నేను 350 అని చెబుతుంటే వెనక నుంచి '250కి ఇచ్చేద్దాంలే' అనేది. మా అన్నయ్య కూతురు పాజిటివ్‌గా ఉండు అత్తా, అన్నీ అమ్ముడైపోతాయని గట్టిగా అనుకో అంది. అలాగే అనుకున్నాను. మూడో రోజు సాయంత్రానికి ఏడుపు ఆగలేదు. తిరిగొచ్చాక సంఘంలో వాళ్లకి మొహం చూపించలేక చీటీ డబ్బులో నుంచి కూలి ఇచ్చాను. రెండు నెలలైంది, సూది పట్టబుద్ధి కావడం లేదు. మావారు ఇక చాలు అంటున్నారు. ఇప్పుడు ఏపీఎం (పొదుపు సంఘాల పని చూసే అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజర్) గారు హైదరాబాద్‌లో పది రోజుల సరస్ మేళాకి (సంఘాల మహిళలు తమ సరుకు అమ్ముకునే ప్రభుత్వ ప్రదర్శన) మా సంఘం పేరు పంపుతామన్నారు. అద్దె లేదు, బస వాళ్లే చూస్తారు. ఇంకా ఐదు వారాలుంది. వెళ్లాలా, మానాలా? వెళితే మనసు నిలబెట్టుకోవడం ఎలా?"

మీరు మీ అంకెలన్నీ రాయడం ఎంతో మేలు చేసింది. ఇక్కడ వేయలేదు గానీ, ఉత్తరం చివర మీరు పొడిగా ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన లెక్క మిగతా ఉత్తరంతో ఏకీభవించడం లేదు. 62లో 40 వస్తువులు 1,200 దాటిన పెద్దవి: టేబుల్ కవర్లు, బెడ్ కవర్లు, టాప్‌లు. మిగిలిన 22 మ్యాట్‌లు, చిన్న సరుకు. పెద్దవాటిలో 4 అమ్ముడయ్యాయి. చిన్నవాటిలో 17 పోయాయి, అవి కూడా చాలావరకు మొదటి మూడు రోజుల్లోనే. అంటే నాలుగో రోజు నుంచి మీ బల్ల మీద చిన్న సరుకు దాదాపు లేదు. బాగుందన్నారు కానీ కొనలేదని మీరు రాశారు. జనం కొనగలిగినవి అయిపోయాయి, కొనడానికి ఇంట్లో మాట్లాడుకుని రావలసినవి మిగిలాయి, మీ లెక్క చెబుతున్నది అది. మూడో రోజు సాయంత్రం మీరు ఏడ్చిన సమయానికి అమ్మకం తగ్గడానికి అసలు కారణం సరుకు కూర్పు. అది మీ పనితనం మీద తీర్పు కాదు.

పాజిటివ్‌గా ఉండడం గురించి కూడా సూటిగా చెప్పాలి. అన్నీ అమ్ముడైపోతాయని నమ్మి నిలబడితే, కొనకుండా వెళ్లిన ప్రతి మనిషీ ఆ నమ్మకాన్ని కొంచెం కొంచెం కొరుక్కుపోతాడు. మేళాలో బల్ల ముందు ఆగేవాళ్లలో ఎక్కువమంది కొనరు. ఏ స్టాల్‌లోనైనా అంతే, పక్కన పచ్చళ్లు అమ్మే స్టాల్‌లోనూ అంతే. మనసు నిలబడేది ఇంటి దగ్గర ముందే తేల్చుకుని వెళ్లిన విషయాల వల్ల. నా వస్తువు ధర ఎంత, ఎందుకంత, ఎంతకి దిగువన ఇవ్వను, ఎంత అమ్మితే మునగను. ఇవి తెలిసినవాళ్లకి "అబ్బో, ఇంతా?" అన్న మాట ఒక మాటలా వినిపిస్తుంది. తెలియనివాళ్లకి తమ విలువనే కాదన్నట్టు వినిపిస్తుంది. మీకు జరిగింది రెండోది.

అందుకని ముందు ధర. మీరు 350 ఎలా నిర్ణయించారో రాయలేదు. బహుశా కొట్లో ధర చూసి, కొంచెం తగ్గించి ఉంటారు. ఇలా చేయండి. ఒకే రకం మ్యాట్ మూడు అల్లేటప్పుడు ఫోన్‌లో టైమ్ పెట్టుకుని సగటు తీయండి. మీరు రాసిన ప్రకారం అల్లడానికి 5 గంటలు. కొసలు దాచడం, ఉతకడం, గంజి పెట్టి పిన్నులతో సాగదీసి ఆరబెట్టడం, ఇస్త్రీ కలిపి ఇంకో అరగంట. ఈ అరగంటని దాదాపు అందరూ మరిచిపోతారు. దారం 45, కవరూ ధర చీటీ 8, కలిపి 53. గంటకి 50 రూపాయలు కావాలనుకుంటే కూలి 275. మొత్తం 328. మేళా ఖర్చులకి అమ్మకంలో నాలుగో వంతు పోతుందనుకుంటే, 328ని 0.75తో భాగించాలి. 437 వస్తుంది. అంటే ధర 450.

ఇప్పుడు 250 సంగతి చూడండి. అందులో 53 తీసి, ఖర్చులకి నాలుగో వంతు తీస్తే చేతికి వచ్చేది 135 లోపే. ఐదున్నర గంటలకి పంచితే గంటకి 25 రూపాయలు కూడా పడదు. ఏజెంటు ఇచ్చే 110 గంటకి 20. మీ తోటికోడలు తగ్గించిన ప్రతిసారీ, ఊరు కాని ఊరు వెళ్లి పడిన శ్రమంతా దాదాపు ఏజెంటు కూలికే ఇచ్చేశారన్నమాట. ఆవిడకి ఈ లెక్క ఎవరూ చెప్పలేదు కాబట్టే అలా చేశారు. సరుకు వెనక్కి మోసుకెళ్లాల్సి వస్తుందన్న భయం ఆవిడది. ఆ భయం తప్పు కాదు.

450 ఎక్కువనిపిస్తే రెండు దారులున్నాయి. ధర తగ్గించడం ఒకటి, వస్తువు తగ్గించడం ఇంకోటి. నేను రెండోది చెబుతాను. అదే డిజైన్ 8 అంగుళాల్లో అల్లితే రెండున్నర గంటలు, ఫినిషింగ్‌కి పావు గంట, దారం 20 చిల్లర. 220కి అమ్మినా గంటకి 48 రూపాయల దాకా గిడుతుంది. కొనేవాళ్లకి 300 లోపు వస్తువు దొరికింది, మీ గంట విలువ తగ్గలేదు. తగ్గింపు అడిగితే ఒక్క వస్తువు మీద వద్దు. ఆరు మ్యాట్‌ల సెట్ 2,700కి బదులు 2,400 అనండి. అప్పుడు ఒక్కోటి 400 పడుతుంది, గంటకి 45 మిగులుతుంది. తగ్గించారన్న తృప్తి వాళ్లకి, ఆరు అమ్మిన లాభం మీకు.

ఈ పది రోజుల మేళాకి మీరు వేసుకున్న ఖర్చు 11,000: ప్రయాణం, సామాను 4,200, ఇద్దరి భోజనాలు 5,000, చిల్లర ఖర్చులు 1,800. అమ్మకాన్నంతా 450 మ్యాట్‌ల లెక్కలో చూద్దాం. 28 మ్యాట్‌లు, అంటే 12,600 అమ్మితే చేతి డబ్బు పోదు, కానీ కూలి సున్నా. 39 మ్యాట్‌లు, 17,550 అమ్మితే ఏజెంటు ఇచ్చేంత కూలి పడుతుంది. గంటకి 50 పడాలంటే 91 మ్యాట్‌లు, 41,000 దగ్గర. విజయవాడలో మీ అమ్మకం రోజుకి 1,633. అదే ఊపున పది రోజులకి 16,330. నష్టపోరు, కానీ ఏజెంటు కూలికి కూడా కాస్త తక్కువే. మార్చకుండా వెళితే ఇదే వస్తుందని అనుకోవాలి. వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం ఐదు వారాల్లో ఏం మార్చగలరన్న దాని మీద ఉంది.

మార్చాల్సినవాటిలో పెద్దది సరుకు. ఎనిమిది మంది, రోజుకి నాలుగు గంటలు, 25 రోజులంటే 800 గంటలు. పండగలు, జ్వరాలు, పిల్లల పరీక్షలు తీసేసి 500 గంటలే లెక్కపెట్టండి. అందులో 50 నుంచి 150 ధరలో చిన్నవి 150 చేయండి: బుక్‌మార్కులు, చెవి దుద్దులు, జడ క్లిప్పుకి పువ్వులు, కీచైన్లు. ఒక్కోటి అరగంటకి మించకూడదు. అది 75 గంటలు. 8 అంగుళాల మ్యాట్‌లు 60 అంటే 165 గంటలు. 12 అంగుళాలవి 40 అంటే 220. మిగిలిన సమయంలో చంటిపిల్లల టోపీలు, మేజోళ్లు. ఇవి బహుమతిగా కొనే సరుకు కాబట్టి బేరం తక్కువ. మీ దగ్గర మిగిలిన 36 పెద్దవాటిలో మంచివి ఓ పదో పన్నెండో తీసుకెళ్లండి. అన్నీ వద్దు. పెద్ద బెడ్ కవర్ ఒకటి వేలాడుతుంటే జనం ఆగుతారు, ఆగి చిన్నది కొంటారు. దాని పని అది.

ఇంకో సరుకు ఉంది, మీరు ఆలోచించి ఉండరు. "మా అమ్మమ్మ అల్లేది" అని ఆగేవాళ్లు మీకు చాలామంది తగిలి ఉంటారు. వాళ్లు మ్యాట్ కొనకపోవచ్చు. ఒక సూది, ఒక దారం ఉండ, ఒక పువ్వు ఎలా అల్లాలో బొమ్మలతో కాగితం కలిపిన సంచి 180కి పెడితే కొంటారు. ఓ 20 సంచులతో మొదలుపెట్టండి. మీ అల్లిక గంటలు ఇందులో ఖర్చు కావు.

రెండోది బల్ల. తెల్ల లేసుని తెల్ల గుడ్డ మీద పరిస్తే పనితనం కనబడదు. మెరూన్, ముదురు నీలం, బాటిల్ గ్రీన్ రంగుల్లో, ఏ డిజైనూ లేని నూలు గుడ్డ 5 మీటర్లు కొనండి. పసుపు లైటు కింద తెల్ల లేసు పాతబడిన రంగులో కనిపిస్తుంది, కాబట్టి తెల్లటి ఎల్ఈడీ బల్బులు రెండు, 5 మీటర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు సొంతంగా తీసుకెళ్లండి. బల్ల మీద పడుకోబెట్టిన వస్తువు నాలుగడుగుల దూరం నుంచి కనిపించదు. వెనక తాడు కట్టి క్లిప్పులతో కంటి ఎత్తులో వేలాడదీయండి. చిన్నవి ముందు అంచున, చేతికందేలా బుట్టల్లో పెట్టండి. అమ్మేవి కవర్లలో ఉంచి, ప్రతి రకంలో ఒకటి మాత్రం బయట పెట్టండి. బహిరంగ మైదానంలో దుమ్ముకి నాలుగో రోజుకల్లా తెల్ల లేసు మట్టి రంగు తిరుగుతుంది. బయట పెట్టింది మాసినా కవర్లోది కొత్తగా ఉంటుంది. రాత్రి కప్పడానికి మందమైన ప్లాస్టిక్ షీటు, సేఫ్టీ పిన్నులు, కత్తెర, టేపు, 10, 20, 50 నోట్లలో 1,500 చిల్లర. ఫోన్ పేమెంట్‌కి స్కానర్ పెడితే, వాళ్ల ఫోన్‌లో కనిపించే స్క్రీన్ చూసి సరుకు ఇవ్వకండి. మీ ఫోన్‌కి మెసేజ్ వచ్చాకే ఇవ్వండి. రద్దీలో సిగ్నల్ పోతుంది, వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్ ఇంకోటి ఉంటే మంచిది.

ప్రతి వస్తువుకీ ధర చీటీ ఉండాలి. ఇది మీ తోటికోడలి సమస్యకీ మందే. కాగితం మీద రాసిన ధర ముందు ఎవరూ "250కి ఇచ్చేద్దాంలే" అనడం అంత తేలిక కాదు. బయల్దేరే ముందు ఆవిడని కూర్చోబెట్టి, గంటకి 25 రూపాయల లెక్క కాగితం మీద వేసి చూపించండి. నువ్వు తప్పు చేశావని మొదలుపెట్టకండి. "అక్కా, మనం ఎంత మిగుల్చుకున్నామో చూద్దాం రా" అనండి. (చెల్లెలి వరసైతే అలాగే పిలవండి.) ధర మాట్లాడేది ఒక్కరే, డబ్బు తీసుకోవడం, కట్టివ్వడం ఇంకొకరు అని పని పంచుకోండి. ఏ ధర దగ్గర ఆగాలో నోట్‌బుక్‌లో రాసి ఇద్దరూ ఒప్పుకోండి. ఆవిడ ఒప్పుకోకపోతే సంఘంలో ఇంకొకరిని తోడు తీసుకెళ్లాలి. అప్పుడు ఇంట్లో కొంత మాట పడొచ్చు. కానీ బల్ల వెనక రెండు ధరలుంటే కొనేవాళ్లు మొదటి ధరని ఇక నమ్మరు.

ఇప్పుడు మీ మనసుని కోసిన మాటల సంగతి. "మెషీన్‌ది 150కే వస్తుంది." దీనికి వాదన వద్దు. వస్తువు వాళ్ల చేతిలో పెట్టండి. సూదితో అల్లే ఈ కుట్టుని అచ్చంగా అల్లి మార్కెట్‌కి సరుకు దించే యంత్రం లేదు. తక్కువకి దొరికేది చాలావరకు ఎంబ్రాయిడరీ వేసి, కింద గుడ్డని కరిగించేసిన లేసు, లేదా నిట్టింగ్ మెషీన్ మీద ఆ రూపం తెప్పించినది. ఒక భూతద్దం బల్ల మీద ఉంచండి. "కుట్టు కుట్టుకీ ముడి ఎలా పడిందో చూడండి, ఇది ఐదు గంటల పని" అని ఆపేయండి. కొందరు చూసి కూడా 150 వస్తువే కావాలంటారు. అది వాళ్ల అవసరం. నవ్వి పంపండి, వెనక్కి పిలిచి తగ్గించకండి.

"చూసొస్తాం" అన్నది తిరస్కారం కాదు. చాలామంది నిజంగానే మేళా అంతా తిరిగి కొంటారు. అయితే దారి మరిచిపోతారు. స్టాల్ నంబరు, సంఘం పేరు, ఫోన్ నంబరు ఉన్న చిన్న కార్డు వాళ్ల చేతిలో ఉండాలి. 300 కార్డులు వేయించండి. వెనక వైపు ఉతికే పద్ధతి ముద్రిస్తే పారేయరు: మెత్తటి సబ్బు, బ్లీచింగ్ వద్దు, పిండకుండా చదునుగా ఆరబెట్టాలి. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడింటిలో ఉండాలి.

స్టాల్ ముందు ఆగిన మనిషిని మొదటి కొన్ని క్షణాలు చూడనివ్వండి. "రండి మేడమ్, ఏం కావాలి?" అంటే కదిలిపోతారు. మీరు చేతిలో సూది పట్టుకుని ఒక పువ్వు అల్లుతూ ఉండండి. అల్లే చేతులు చూడటానికి జనం వాళ్లంతట వాళ్లే ఆగుతారు, మీ కళ్లు ఆశగా వాళ్ల మీద లేవు కాబట్టి ఇబ్బంది పడరు. మీకూ చేతికి పని ఉంటే గుండె దడ తగ్గుతుంది. వాళ్లు ఒక వస్తువుని ముట్టుకోగానే తలెత్తి ఒక్క సంగతి చెప్పండి. "కాటన్ దారమండీ, ఇంట్లోనే ఉతుక్కోవచ్చు." అల్లికలో మునిగిపోయి కొనేవాళ్లని గమనించకపోవడం దీనిలో వచ్చే తప్పు. అందుకే పెద్ద డిజైన్ పట్టుకోకుండా, పావుగంటలో ముగిసే పువ్వు మాత్రమే అల్లండి.

మీకు అన్నిటికన్నా ఉపయోగపడేది ఒక నోట్‌బుక్. నాలుగు గళ్లు గీయండి: ఆగినవాళ్లు, చేత్తో పట్టుకున్నవాళ్లు, ధర అడిగినవాళ్లు, కొన్నవాళ్లు. గీతలు పెడుతూ పోండి. అసలు ఆగడం లేదంటే బల్ల అమరిక మార్చాలి, లైటు చూడాలి. ఆగుతున్నారు కానీ ముట్టుకోవడం లేదంటే సరుకు మరీ దూరంగానో, కవర్లలో బిగించో ఉంది. చేత్తో పట్టుకుని పెట్టేస్తున్నారంటే ధర చీటీ కనబడక, అడగడానికి మొహమాటపడుతున్నారు. ధర విని వెళ్తున్నారంటే ఆ వస్తువుకి కింద మెట్టులో ఇంకో వస్తువు లేదు. రోజు చివర ఏ గడి దగ్గర జనం జారిపోయారో చూసి, మర్నాడు ఆ ఒక్కటే మార్చండి. విజయవాడలో ఈ గళ్లు ఉండి ఉంటే, మూడో రోజుకే చిన్న సరుకు తెప్పించుకోవాలని తెలిసేది. ఇంకో లాభమూ ఉంది. కొనకుండా వెళ్లిన మనిషి కూడా కాగితం మీద ఒక గీత అవుతాడు, మనసులో గుచ్చుకుని ఉండిపోడు.

మేళా రోజు ఎలా నడుస్తుందో ముందే తెలిసి ఉంటే కుంగిపోరు. పని రోజుల్లో మధ్యాహ్నం 2 నుంచి 4:30 దాకా దాదాపు ఖాళీ. సాయంత్రం 5:30 తర్వాత, శని ఆదివారాలు అసలు అమ్మకం. ఖాళీ సమయాన్ని బాధపడటానికి వదలకండి. ఒకరు భోజనం చేసి కాసేపు కాళ్లు చాపి కూర్చోవాలి, ఒకరు ఇతర స్టాళ్లు తిరిగి చూసి రావాలి. బాత్రూమ్ దూరమని స్టాళ్లలో ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. సాయంత్రానికి తలనొప్పి, చిరాకు, ఏడుపు వస్తాయి. మీ మూడో రోజు ఏడుపులో ఇది కూడా ఉండే ఉంటుంది. అందుకే ఇద్దరు ఉండాలి, అందుకే నీళ్లు తాగాలి. డబ్బు లెక్క భోజనం చేశాకే చూసుకోండి, ఖాళీ కడుపుతో వద్దు. "ఎంత అమ్మావు?" అని రోజూ ఫోన్ చేయొద్దని ఇంట్లో ముందే చెప్పండి. నాలుగో రోజున ఒకసారి, ఆఖరి రోజున ఒకసారి మీరే చెబుతానని మీవారితో అనుకుని వెళ్లండి. ఆయన చాలు అనడంలో మీరు మళ్లీ ఏడుస్తారన్న భయం ఉండొచ్చు. ఆయనకి ఈ 28, 39, 91 లెక్క చూపిస్తే వాదన లేకుండా మాట్లాడుకోగలరు.

హైదరాబాద్ తెలంగాణలో ఉంది, మీ సరుకు ఆంధ్ర నుంచి వెళ్తుంది. హస్తకళా వస్తువులకి 20 లక్షల టర్నోవర్ లోపు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండా వేరే రాష్ట్రంలో అమ్ముకునే వెసులుబాటు ఉంది. దానికి పాన్ కార్డు కావాలి, సరుకు విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) తీయాలి. మీ సరుకు ఈ వెసులుబాటు ఉన్న వస్తువుల జాబితాలో ఏ పద్దు కింద వస్తుందో ఒక ఆడిటర్‌ని అడిగి, ఆ కాగితం సామానుతో ఉంచండి. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ గుర్తుని మీ బ్యానర్ మీద వేయాలంటే అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి. కాకపోతే వేయకండి. ఊరు, అల్లినవాళ్ల పేర్లు రాసిన కాగితం చాలు.

చీటీ డబ్బు తీసి కూలి ఇచ్చానన్నారు. మీ మంచితనం అర్థమైంది, కానీ మళ్లీ అలా చేయకండి. సరుకు మీకు అప్పగించినవాళ్లు గెలుపులో భాగస్వాములైతే నష్టంలోనూ కావాలి. ప్రతి వస్తువుకీ అల్లినవాళ్ల గుర్తు వేయండి: ల1, ల2 అని. అమ్ముడైన విలువని బట్టి మేళా ఖర్చు పంచండి, ముక్కల లెక్కన కాదు. బెడ్ కవర్‌కీ కీచైన్‌కీ ఒకే వాటా వేస్తే గొడవ వస్తుంది. మిగిలింది వెనక్కి ఇస్తామని, మాసిపోతే ఉతికించే ఖర్చు అందరిదని ముందే సంఘం పుస్తకంలో రాసి సంతకాలు తీసుకోండి. విజయవాడ లెక్క కూడా వాళ్ల ముందు పెట్టండి. దాచినందువల్లే మొహం చెల్లడం లేదనిపిస్తోంది. నష్టం ఎంతో తెలియని వాళ్లు మీరు లాభపడ్డారని కూడా అనుకోగలరు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఒకటి, ఈ మార్పులతో పది రోజులు వెళ్లడం. అద్దె లేదు, బస ఉంది కాబట్టి డబ్బు ప్రమాదం తక్కువ. ఇబ్బంది పది రోజుల అలసటది, ఇల్లు వదిలి ఉండటానిది. రెండు, సంఘంలో ఇంకో ఇద్దరిని పంపి, మీరు ధరలు, సరుకు, లెక్కల పుస్తకం తయారు చేసి ఇవ్వడం. అవకాశం పోదు, మీకు విశ్రాంతి. కానీ బల్ల ముందు భయం అలాగే ఉండిపోతుంది, వాళ్లు ధర తగ్గించినా మీ చేతిలో ఉండదు. ఐదు రోజులకి మారిపోయే ఏర్పాటు చేసుకోగలిగితే ఈ రెండిటి మధ్య దారి కూడా ఉంది. అయితే రానుపోను ఖర్చు పెరుగుతుంది. మూడు, ఈసారికి మానేసి, భీమవరంలోనో విజయవాడలోనో అపార్ట్‌మెంట్లలో పెట్టే ఒకటి రెండు రోజుల స్టాళ్లతో నేర్చుకోవడం. భీమవరమైతే సాయంత్రానికి ఇంటికి రావచ్చు, పెట్టుబడి చిన్నది. కొనేవాళ్లూ తక్కువే, ఏపీఎం గారు మళ్లీ ఎప్పుడు పిలుస్తారో చెప్పలేం. నాలుగు, బొటిక్‌లకి సరుకు ఇవ్వడం. జనం ముందు నిలబడక్కర్లేదు. కానీ చాలామంది అమ్ముడయ్యాకే డబ్బిస్తారు, నెలా రెండు నెలలు ఆగాలి. ఎనిమిది మంది కూలి అంతకాలం ఎక్కడి నుంచి తెస్తారో ముందు చూసుకోవాలి. ఏజెంటు పని అస్సలు వదిలేయమని నేను అనను. మేళా లేని నెలల్లో అది బియ్యం డబ్బు.

నా మొగ్గు మొదటిదాని వైపు ఉంది, ఒక షరతు మీద. చిన్న సరుకు కనీసం 150, మ్యాట్‌లు 60 మూడో వారానికల్లా చేతిలో ఉండాలి. లేకపోతే పాత 36 పెద్ద వస్తువులు పట్టుకుని హైదరాబాద్ వెళ్లొద్దు. మూడో దారి పట్టండి.

రెండు నెలలుగా సూది పట్టబుద్ధి కావడం లేదన్నారు. దాన్ని తేలిగ్గా తీసుకోను. పెద్దదేమీ కాకుండా, ఈ వారం రోజుకొక పువ్వు అల్లి చూడండి, అమ్మడానికి కాదు. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, ఊరికే ఏడుపు రావడం కూడా ఉంటే అది మేళా బాధ దాటిపోయింది. పీహెచ్‌సీ డాక్టర్‌కి చెప్పండి, లేదా 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్ లైను, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. అలా ఉన్నప్పుడు మేళా నిర్ణయం తీసుకోకండి, రెండో దారి ఎంచుకుంటే ఎవరూ తప్పుపట్టరు.

ఏపీఎం గారికి మాట ఇచ్చే ముందు నాలుగు విషయాలు అడగండి: స్టాల్ కొలత ఎంత, బల్లలు ఎన్ని ఇస్తారు, కరెంటు పాయింటు లోపలే ఉందా, బస నుంచి మైదానానికి రావడానికి బండి ఉందా. ఆఖరిది లేకపోతే మీరు వేసుకున్న 1,800 చిల్లర ఖర్చు సరిపోదు, ఆ తేడా కలిపి 28, 39, 91 మళ్లీ లెక్క వేసుకోవాలి.